"నా ల్యాప్‌టాప్‌లో రన్ అవుతోందే!": బిల్డ్ ఎందుకు ఫెయిల్ అవుతుంది, ప్రాజెక్ట్ ప్లాన్ ఎక్కడ మొదలవ్వాలి

ఇవాళ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క మాట గురించి. "అదేంటి, నా ల్యాప్‌టాప్‌లో రన్ అవుతోందే!" ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రివ్యూల్లో, కొత్త జాబ్‌లో మొదటి వారంలో, హ్యాకథాన్ చివరి గంటలో, ఈ మాట వినపడని చోటు లేదు.

నాకు వచ్చే మెసేజ్‌లలో కూడా ఎక్కువగా ఇదే ఉంటుంది. "అన్నా, కోడ్ అంతా కరెక్టే. ఫ్రెండ్ సిస్టమ్‌లో మాత్రం బిల్డ్ ఫెయిల్ అంటోంది. రేపే రివ్యూ." దీనికి ఒక కమాండ్ చెప్పి వదిలేయొచ్చు. రేపటికి గట్టెక్కుతారు. ఎల్లుండి ఇంకో ఎర్రర్ వస్తుంది, మళ్లీ మొదటికే. అందుకే ఇవాళ మూడు విషయాలు చూద్దాం. అసలు బిల్డ్ అంటే ఏంటి, రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య తేడా ఎక్కడెక్కడ వస్తుంది, దీన్ని ప్లాన్‌లో ఎక్కడ పెట్టాలి.

అసలు విషయం ముందే చెప్పేస్తా. బిల్డ్ అనేది ప్రాజెక్ట్ చివర్లో చేసే పని కాదు. మొదటి వారంలోనే, ఒక్క ఫీచర్ కూడా రాయకముందే, టీమ్‌లో అందరి దగ్గరా సక్సెస్ అవ్వాల్సిన పని. అది జరగకపోతే మీ ప్లాన్‌లో రాసుకున్న తేదీలన్నీ ఊహలే.

రన్ బటన్ వెనక ఏం జరుగుతుంది

ఆండ్రాయిడ్ స్టూడియోలో ఆకుపచ్చ త్రికోణం నొక్కుతాం, ఫోన్‌లో యాప్ ఓపెన్ అవుతుంది. మధ్యలో ఏం జరిగింది? ముందు గ్రేడిల్ అనే బిల్డ్ టూల్ మీ ప్రాజెక్ట్‌కి ఏ లైబ్రరీలు కావాలో చదువుతుంది. లేనివాటిని ఇంటర్నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకుంటుంది. మీరు రాసిన కాట్లిన్, జావా కోడ్‌ని కంపైలర్ క్లాస్ ఫైళ్లుగా మారుస్తుంది. ఆండ్రాయిడ్ క్లాస్ ఫైల్‌ని నేరుగా నడపదు కాబట్టి డీ8 అనే ఇంకో టూల్ వాటిని డెక్స్ ఫార్మాట్‌లోకి మారుస్తుంది. బొమ్మలు, లేఅవుట్లు, స్క్రీన్ మీద కనిపించే అక్షరాలు, వీటిని ఇంకో టూల్ సర్దుతుంది. అన్నీ కలిపి ఏపీకే తయారుచేసి, దానిమీద ఒక డిజిటల్ సంతకం పెడుతుంది. సంతకం లేని ఏపీకేని ఫోన్ ఇన్‌స్టాల్ చేసుకోదు. ఇదంతా అయ్యాకే మీ యాప్ ఫోన్‌లోకి వస్తుంది.

చూశారా, ఇది ఒక గొలుసు. ఇందులో ప్రతి మెట్టూ మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఏదో ఒకదాని మీద ఆధారపడుతుంది. జావా ఏ వెర్షన్, ఎస్‌డీకే ఏది, లైబ్రరీ ఎక్కడి నుంచి వచ్చింది, సంతకం పెట్టే కీ ఎవరిది. మీరు రాసిన కోడ్ ఇందులో ఒక ముక్క మాత్రమే. కోడ్ కరెక్ట్‌గా ఉన్నా బిల్డ్ ఫెయిల్ అవ్వడానికి కారణం ఇదే.

1976లోనూ ఇదే గొడవ

ఇది మన తరానికి వచ్చిన తలనొప్పి అనుకోకండి. 1976లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ అనే ఆయన మేక్ అనే టూల్ రాశారు. దాని వెనక ఒక కథ ఉంది, ఆయనే చెప్పారు. ఆయన కొలీగ్ స్టీవ్ జాన్సన్ ఒకరోజు పొద్దున్నంతా కూర్చుని ఒక బగ్ కోసం వెతికారు. చివరికి తేలిందేంటంటే, ఆ బగ్ ఎప్పుడో ఫిక్స్ అయిపోయింది. కానీ ఆ ఫైల్‌ని మళ్లీ కంపైల్ చేయలేదు. అంటే కోడ్ కొత్తది, రన్ అవుతున్నది పాతది. కరెక్ట్‌గా ఉన్న ప్రోగ్రామ్‌ని పట్టుకుని పొద్దున్నంతా డీబగ్ చేశారన్నమాట.

"ఏ ఫైల్ మారితే ఏది మళ్లీ తయారుచేయాలో మనిషి గుర్తుపెట్టుకోవడం ఎందుకు, మెషీన్‌కే చెప్దాం" అన్న ఆలోచనే మేక్. ఇప్పుడు మనం వాడే చాలా బిల్డ్ టూల్స్‌లో ఆ ఆలోచనే ఉంటుంది. ఈ మేక్‌కి 2003లో ఏసీఎం సంస్థ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డ్ కూడా ఇచ్చింది.

సింపుల్‌గా చెప్పాలంటే పులిహోర అనుకోండి. పులిహోరకి అన్నం కావాలి, చింతపండు పులుసు కావాలి, పోపు కావాలి. అన్నానికి బియ్యం, నీళ్లు కావాలి. ఇప్పుడు పోపు మాడిపోయిందనుకోండి. మళ్లీ బియ్యం కడుగుతామా? లేదు. పోపు ఒక్కటి మళ్లీ వేసి కలుపుతాం. బియ్యమే మార్చారనుకోండి. అన్నం మళ్లీ వండాలి, మళ్లీ కలపాలి, పులుసు మాత్రం అలాగే ఉంటుంది. ఏది దేని మీద ఆధారపడిందో తెలిస్తే, ఏది మళ్లీ చేయాలో దానంతట అదే తెలుస్తుంది. మేక్ ఇదే పని ఫైళ్ల టైమ్ చూసి చేస్తుంది. కోడ్ ఫైల్ టైమ్ కొత్తది, తయారైన ఫైల్ టైమ్ పాతది అయితే, మళ్లీ కంపైల్ చేస్తుంది. లేకపోతే ముట్టుకోదు.

చిన్న సరదా విషయం. మేక్‌ఫైల్‌లో కమాండ్ ముందు స్పేస్‌లు పెడితే ఎర్రర్ వస్తుంది, ట్యాబ్ మాత్రమే పెట్టాలి. దీనితో విసిగిపోని ఇంజనీర్ ఉండడు. దీనికి కారణం కూడా ఫెల్డ్‌మన్ చెప్పారు. మార్చుదాం అనుకునేసరికే ఓ డజను మంది వాడటం మొదలుపెట్టేశారట, ఎక్కువమంది ఫ్రెండ్సే. వాళ్లకి ఇబ్బంది ఎందుకని వదిలేశారు. డజను మంది కోసం వదిలేసిన ట్యాబ్‌తో ప్రపంచం మొత్తం ఇప్పటికీ తంటాలు పడుతోంది. మొదట్లో చేసిన చిన్న నిర్ణయాన్ని తర్వాత మార్చడం ఎంత కష్టమో గుర్తుపెట్టుకోండి, ప్లానింగ్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

తేడా వచ్చే చోట్లు నాలుగు

సరే, ఇప్పుడు మన సమస్యకి వద్దాం. ఒక ఉదాహరణ పెట్టుకుందాం, ఎపిసోడ్ మొత్తం దాన్నే వాడదాం. నలుగురు ఉన్న టీమ్. హాస్టల్ మెస్ కోసం యాప్. రేపు మధ్యాహ్నం ఎంతమంది తింటారో స్టూడెంట్స్ ముందే నొక్కి చెప్తే, వంటవాళ్లు అంతే వండుతారు, అన్నం వేస్ట్ అవ్వదు. ఒకరు యాప్ స్క్రీన్లు, ఒకరు సర్వర్, ఒకరు డేటాబేస్, ఒకరు వార్డెన్ చూసుకునే వెబ్ పేజీ. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది. ఒకరి దగ్గర రన్ అయ్యేది ఇంకొకరి దగ్గర ఎందుకు అవ్వదు? నాలుగు కారణాలు.

మొదటిది, టూల్ వెర్షన్లు. ఒకరి దగ్గర జావా 11, ఇంకొకరి దగ్గర జావా 21. అప్పుడు "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" అని ఒక ఎర్రర్ వస్తుంది. చూడగానే భయమేస్తుంది గానీ ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. ఆ నంబర్‌లోంచి 44 తీసేయండి. 65లోంచి 44 పోతే 21. అంటే జావా 21తో తయారైన ఫైల్ ఇది, చదివే టూల్‌కి అంత కొత్తది తెలియదు అని అర్థం. 61 అని వస్తే జావా 17. 55 అయితే జావా 11. 52 అయితే జావా 8. ఇంత చిన్న లెక్క తెలిస్తే గంటసేపు వెతుక్కునే పని ఉండదు.

దీనికి పరిష్కారం, వెర్షన్‌ని మనుషుల నోటిమాట మీద వదలకుండా ప్రాజెక్ట్‌లోనే రాసిపెట్టడం. గ్రేడిల్‌లో ర్యాపర్ అని ఉంటుంది. ఏ గ్రేడిల్ వెర్షన్ వాడాలో ఆ ఫైల్‌లో రాసి ఉంటుంది, అది లేకపోతే అదే డౌన్‌లోడ్ చేసుకుంటుంది. ర్యాపర్ ఫైళ్లని గిట్‌లో పెట్టాలి, తీసేయకూడదు. ఇంకొకటి, ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8కి జావా 17 కావాలి, 7కి జావా 11 సరిపోతుంది. కాబట్టి పాత యూట్యూబ్ ట్యుటోరియల్ చూసి ఒక లైన్, కొత్తది చూసి ఇంకో లైన్ కాపీ చేస్తే ఆ రెండూ కలవవు.

రెండోది, లైబ్రరీ వెర్షన్లు. నోడ్ ప్రాజెక్ట్‌లో లైబ్రరీ పేరు పక్కన వెర్షన్ నంబర్, దాని ముందు చిన్న టోపీ లాంటి గుర్తు ఉంటుంది, గమనించారా? 4.17.1 ముందు ఆ టోపీ ఉంటే దాని అర్థం "4.17.1 గానీ, అంతకంటే కొత్తది ఏదైనా గానీ పర్లేదు, 5 మాత్రం వద్దు" అని. అంటే మీరు ఆగస్టులో ఇన్‌స్టాల్ చేస్తే ఒకటి, మీ ఫ్రెండ్ నవంబర్‌లో చేస్తే ఇంకొకటి వచ్చే అవకాశం ఉంది. కోడ్ ఒక్కటే, లోపలి సరుకు వేరు.

కిరాణా లిస్ట్‌లో "కిలో బియ్యం" అని రాస్తే షాపువాడు తన దగ్గర ఉన్నది ఇస్తాడు. "ఫలానా బ్రాండ్ సోనా మసూరి, పాతవి" అని రాస్తే అదే ఇస్తాడు. లాక్ ఫైల్ అంటే ఆ రెండో లిస్ట్. ప్యాకేజ్ లాక్ అని కనిపించే ఆ పెద్ద ఫైల్‌ని చాలామంది "ఇదేంటో చెత్త" అని డిలీట్ చేస్తారు, లేదా గిట్‌లో పెట్టరు. దయచేసి పెట్టండి. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ అని కొట్టమనండి. అది పాత నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తీసేసి, లాక్ ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టు దించుతుంది. రెండు లిస్టులూ కలవకపోతే అక్కడే ఆగిపోయి చెప్తుంది. పైథాన్‌లో అయితే ప్రాజెక్ట్‌కి వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, పిప్ ఫ్రీజ్‌తో వెర్షన్లు రాసుకోండి.

ఇక్కడ ఒక నిజం సంఘటన చెప్పాలి. 2016 మార్చి 22న ప్రపంచవ్యాప్తంగా బోలెడు ప్రాజెక్టుల బిల్డ్‌లు ఒక్కసారిగా ఫెయిల్ అయ్యాయి. కారణం లెఫ్ట్ ప్యాడ్ అనే లైబ్రరీ. మొత్తం 11 లైన్లు. ఒక అక్షరాల వరసకి ఎడమ పక్కన ఖాళీలో, సున్నాలో చేర్చడం, అంతే దాని పని. ఒక ప్యాకేజ్ పేరు విషయంలో గొడవ వచ్చి, దాన్ని రాసిన డెవలపర్ తన ప్యాకేజ్‌లన్నీ ఎన్‌పీఎం నుంచి తీసేశాడు. అందులో ఇదొకటి. బేబెల్ లాంటి పెద్ద పెద్ద టూల్స్ వేరే లైబ్రరీల మీద, అవి ఇంకోదాని మీద, చివరికి ఈ 11 లైన్ల మీద ఆధారపడి ఉన్నాయి. వాటిని వాడే చాలామందికి ఆ పేరు కూడా తెలియదు. కొన్ని గంటల్లోనే ఎన్‌పీఎం దాన్ని తిరిగి పెట్టింది, తర్వాత ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి వీల్లేకుండా రూల్స్ మార్చింది.

నిజాయితీగా చెప్పాలంటే, లాక్ ఫైల్ ఉన్నా ఆరోజు ఉపయోగం లేదు. లాక్ ఫైల్ వెర్షన్ మారకుండా కాపాడుతుంది, అసలు షాపులోంచే సరుకు మాయమైతే ఏమీ చేయలేదు. అలాంటిదే ఆండ్రాయిడ్‌లో జేసెంటర్. ఎన్నో ఏళ్లు చాలా యాప్‌లు లైబ్రరీలు అక్కడి నుంచే దించుకునేవి. 2021 ఫిబ్రవరిలో దాన్ని ఆపేస్తున్నామని ప్రకటించారు. అందుకే పాత ప్రాజెక్ట్‌లో జేసెంటర్ అని కనిపిస్తే, దాని బదులు మేవెన్ సెంట్రల్ పెట్టుకోవాలి. దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే. నాలుగు లైన్ల పనికి లైబ్రరీ తెచ్చుకోకండి. తెచ్చుకున్న ప్రతి లైబ్రరీ మీ బిల్డ్ గొలుసులో ఇంకో మెట్టు.

మూడోది, గిట్‌లో లేని ఫైళ్లు. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు ఉన్న ఫైల్‌ని గిట్‌హబ్‌లో పెట్టకూడదు, అది కరెక్టే. కానీ ఆ ఫైల్ ఉండాలని ఫ్రెండ్‌కి ఎవరు చెప్తారు? అందుకే అదే పేరుతో ఒక శాంపిల్ ఫైల్ పెట్టండి. లోపల కీ పేర్లు ఉంటాయి, విలువలు ఉండవు. ఏమేం నింపాలో చూడగానే తెలుస్తుంది.

ఇందులోనే చాలామందిని ఏడిపించేది గూగుల్ సైన్ ఇన్. మీ దగ్గర లాగిన్ అవుతుంది, ఫ్రెండ్ బిల్డ్ చేసిన ఏపీకేలో ఎర్రర్ 10 వస్తుంది. కోడ్‌లో ఏ తప్పూ లేదు. ఇందాక ఏపీకే మీద సంతకం అన్నాను కదా. డీబగ్ బిల్డ్‌కి వాడే ఆ సంతకం కీ ప్రతి ల్యాప్‌టాప్‌లో విడిగా తయారవుతుంది. గూగుల్‌కి మీరు మీ కీ వేలిముద్ర మాత్రమే ఇచ్చారు, అంటే ఆ ఎస్‌హెచ్‌ఏ-1 నంబర్. ఫ్రెండ్ కీ ఎవరిదో గూగుల్‌కి తెలియదు. నలుగురి వేలిముద్రలూ కన్సోల్‌లో చేర్చండి, అయిపోతుంది.

నాలుగోది, సిస్టమ్‌ల మధ్య తేడా. విండోస్‌లో మెనూ అనే ఫైల్ పేరు మొదటి అక్షరం పెద్దదైనా చిన్నదైనా ఒకటే. సర్వర్ మాత్రం ఎక్కువగా లినక్స్ మీద ఉంటుంది, అక్కడ అవి రెండు వేరు వేరు ఫైళ్లు. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉన్నది సర్వర్‌లోకి వెళ్లగానే "ఫైల్ దొరకలేదు" అంటుంది. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో పెట్టుకుందాం అని మొదటిరోజే అనుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇంకొకటి లోకల్‌హోస్ట్. లోకల్‌హోస్ట్ అంటే "నేను ఉన్న ఈ మెషీనే" అని అర్థం. ల్యాప్‌టాప్‌లో సర్వర్ నడుస్తోంది, ఫోన్‌లో యాప్ లోకల్‌హోస్ట్ అని అడిగితే అది ఫోన్‌లోనే వెతుక్కుంటుంది. ఎమ్యులేటర్‌లో అయితే 10.0.2.2 అని పెట్టాలి. అసలు ఫోన్‌లో అయితే ఒకే వైఫైలో ఉండి ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ ఇవ్వాలి. పైగా ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలు హెచ్‌టీటీపీని డిఫాల్ట్‌గా ఆపేస్తారు. "నెట్ ఉంది, సర్వర్ ఉంది, యాప్ మాత్రం కనెక్ట్ అవ్వట్లేదు" అంటే ముందు ఈ రెండూ చూడండి.

ఎర్రర్ చదవడం ఎలా

ఎర్ర అక్షరాలు వంద లైన్లు వచ్చేసరికి చాలామంది చేసే పని, చివరి లైన్ కాపీ చేసి వెతకడం. అది "బిల్డ్ ఫెయిల్ అయింది" అని మాత్రమే చెప్తుంది. ఒళ్లు వెచ్చగా ఉందంటే జ్వరం అని తెలుస్తుంది గానీ ఎందుకొచ్చిందో తెలియదు కదా, అలాగే. కంపైల్ ఎర్రర్లు అయితే మొట్టమొదటిది చూడండి. అది సరిచేస్తే కింద ఉన్న ముప్ఫై దానంతట అవే పోవచ్చు. గ్రేడిల్‌లో అయితే "వాట్ వెంట్ రాంగ్" అన్న భాగం చదవండి. "కాజ్డ్ బై" అని ఒకదాని కింద ఒకటి ఉంటే, అన్నిటికంటే కింద ఉన్నది అసలు కారణానికి దగ్గరగా ఉంటుంది.

క్లీన్ కొట్టి రీబిల్డ్ చేయడం ఒకసారి చేస్తే తప్పు లేదు. ప్రతిసారీ అదే చేయాల్సి వస్తోందంటే మాత్రం, ఏది మారితే ఏది మళ్లీ చేయాలో మీ బిల్డ్‌కి సరిగ్గా తెలియట్లేదని అర్థం. స్టీవ్ జాన్సన్ గారి సమస్యే మీకూ ఉంది.

ఈమధ్య అందరం ఎర్రర్‌ని ఏఐకి ఇచ్చి అడుగుతున్నాం. అడగండి, నేనూ అడుగుతా. కానీ అది ఇచ్చింది పేస్ట్ చేసే ముందు ఒక కమిట్ చేసుకోండి, చేశాక గిట్ డిఫ్ కొట్టి ఏం మారిందో చూడండి. ఒక ఎర్రర్ కోసం అది మూడు లైబ్రరీల వెర్షన్లు మార్చి ఉండొచ్చు. మీ దగ్గర ఎర్రర్ పోతుంది, మిగతా ముగ్గురి దగ్గర మొదలవుతుంది.

ఇప్పుడు ప్లాన్

ఇక్కడి నుంచే అసలు ముఖ్యమైన భాగం. మామూలుగా టీమ్‌లో ప్లాన్ ఎలా ఉంటుంది? నలుగురూ పని పంచుకుంటారు, ఎవరి గదిలో వాళ్లు కోడ్ రాస్తారు, "చివరి వారంలో కలుపుదాం" అనుకుంటారు. ఆ చివరి వారంలోనే పైన చెప్పిన నాలుగు కారణాలూ ఒకేసారి మీద పడతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంటుంది. అమీర్‌పేటలో డబ్బులిచ్చి రెడీమేడ్ ప్రాజెక్ట్ కొన్నవాళ్లకి కూడా ఇదే బాధ. జిప్ ఫైల్ చేతికొస్తుంది, వాళ్ల ల్యాప్‌టాప్‌లో మాత్రం రన్ అవ్వదు.

ఫ్రెడ్ బ్రూక్స్ అని ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ ప్రాజెక్ట్ నడిపిన ఆయన ఉండేవారు. 1975లో "ది మిథికల్ మ్యాన్-మంత్" అని పుస్తకం రాశారు. అందులో టైమ్ పంచుకోవడానికి ఒక లెక్క ఇచ్చారు. మొత్తం టైమ్‌లో మూడో వంతు ప్లానింగ్‌కి, ఆరో వంతు కోడింగ్‌కి, పావు వంతు విడి భాగాలు టెస్ట్ చేయడానికి, ఇంకో పావు వంతు అన్నీ కలిపాక టెస్ట్ చేయడానికి. 12 వారాల ప్రాజెక్ట్ అనుకుంటే నాలుగు వారాలు ప్లాన్, రెండు వారాలు కోడ్, ఆరు వారాలు టెస్టింగ్. మనం 11 వారాలు కోడింగ్‌కి, మిగిలిన ఒక్క వారం అన్నిటికీ ఇస్తాం. ఆయన లెక్క మీకు అచ్చంగా సరిపోకపోవచ్చు. కానీ కలపడం, టెస్ట్ చేయడం రెండూ కలిపి సగం టైమ్ తింటాయన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఆయన చెప్పిన ఇంకో మాట, లేట్ అయిన ప్రాజెక్ట్‌లోకి కొత్త మనుషుల్ని చేరిస్తే ఇంకా లేట్ అవుతుందని. కొత్తగా వచ్చినవాళ్లకి అంతా నేర్పాలి, పైగా మాట్లాడుకోవాల్సిన జతలు పెరుగుతాయి. నలుగురు ఉంటే 6 జతలు. ఎనిమిది మంది ఉంటే 28. అందుకే చివరి రెండు వారాల్లో "ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌ని పిలుద్దాం" అన్నది పనిచేయదు.

మరి ఏం చేయాలి? మెస్ యాప్‌కే ప్లాన్ వేద్దాం.

మొదటి వారం. ఒక్క స్క్రీన్, ఒక్క బటన్. "రేపు తింటాను." నొక్కితే సర్వర్‌కి వెళ్లాలి, డేటాబేస్‌లో ఒక అంకె పెరగాలి, ఆ అంకె వార్డెన్ వెబ్ పేజీలో కనిపించాలి. లాగిన్ లేదు, డిజైన్ లేదు, రంగులు లేవు. కానీ ఇది నలుగురి ల్యాప్‌టాప్‌లలో బిల్డ్ అవ్వాలి, ఒక అసలు ఫోన్‌లో నడవాలి, సర్వర్ ఇంటర్నెట్‌లో ఎక్కడో ఒకచోట ఉండాలి. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ జావా వెర్షన్, లాక్ ఫైల్, కీలు, ఫైల్ పేర్లు, లోకల్‌హోస్ట్, అన్ని గొడవలూ ఈ వారంలోనే బయటపడతాయి. అప్పుడు మీ దగ్గర పది లైన్ల కోడ్ ఉంటుంది కాబట్టి కారణం వెతకడం తేలిక. అదే ఎర్రర్ పదివేల లైన్లు రాశాక వస్తే ఎక్కడని వెతుకుతారు?

అదే వారంలో ఒక రీడ్‌మీ రాయండి. ఏ జావా, ఏ నోడ్, ఏయే కమాండ్‌లు. కొత్తవాళ్లు ఎవరినీ ఫోన్ చేసి అడగకుండా రన్ చేయగలగాలి.

గిట్‌హబ్ యాక్షన్స్ కూడా అప్పుడే పెట్టండి. మీరు కోడ్ పుష్ చేసిన ప్రతిసారీ అది ఒక ఖాళీ మెషీన్ తీసుకుని, మొదటి నుంచి బిల్డ్ చేసి, అయిందో లేదో చెప్తుంది. పబ్లిక్ రిపోజిటరీకి ఉచితం. దాన్ని టీమ్‌లో ఐదో మనిషి అనుకోండి. "నా దగ్గర బాగానే ఉంది" అనే మాట వినడు, మొహమాటం అసలే లేదు.

రెండో వారం నుంచి, "అయిపోయింది" అన్న మాటకి అర్థం మార్చండి. నా ల్యాప్‌టాప్‌లో అయింది అంటే అవ్వనట్టే. మెయిన్ బ్రాంచ్‌లో కలిసింది, ఇంకొకరి దగ్గర బిల్డ్ అయింది, ఫోన్‌లో చూశాం. ఈ మూడూ అయితేనే అయినట్టు. వారానికి ఒకసారైనా అందరి కోడ్ కలవాలి. వారం కోడ్ కలపడం గంట పని. మూడు నెలల కోడ్ కలపడం వారం పని, అదీ నిద్ర లేకుండా.

ఫీచర్ల లిస్ట్‌ని ముఖ్యమైన దాని నుంచి కిందికి వరసగా రాయండి. టైమ్ సరిపోకపోతే కింది నుంచి కొట్టేయండి. మెస్ యాప్‌లో లెక్క రావడం ప్రాణం. డార్క్ మోడ్ లేకపోయినా ఎవరి కడుపూ మాడదు.

చివరి వారం కొత్త ఫీచర్ వద్దు, అప్‌డేట్ వద్దు. ఆండ్రాయిడ్ స్టూడియో "కొత్త వెర్షన్ వచ్చింది" అని అడిగినా సరే, తర్వాత చూద్దాం అనండి. పనిచేస్తున్న ఏపీకేని రెండు ఫోన్లలో ముందే ఇన్‌స్టాల్ చేసుకోండి. స్క్రీన్ రికార్డింగ్ ఒకటి దాచుకోండి. కాలేజ్ వైఫై మీద నమ్మకం పెట్టుకోకుండా హాట్‌స్పాట్‌తో ఒకసారి ప్రయత్నించి చూడండి. కొన్ని ఫ్రీ హోస్టింగ్‌లలో ఎవరూ వాడకపోతే సర్వర్ నిద్రపోతుంది, మొదటిసారి నొక్కితే లేవడానికి టైమ్ పడుతుంది. ఎగ్జామినర్ రాకముందే మీరు ఒకసారి ఓపెన్ చేసి దాన్ని లేపండి.

ఇదంతా మార్కుల కోసమేనా? కాదు. జాబ్‌లో చేరిన మొదటిరోజు మీకు ఇచ్చే పని కొత్త కోడ్ రాయడం కాకపోవచ్చు. ఎవరో ఎప్పుడో రాసిన ప్రాజెక్ట్‌ని మీ ల్యాప్‌టాప్‌లో రన్ చేసుకోమంటారు. అక్కడ ఎర్రర్ చదివి, వెర్షన్ పట్టుకుని, తప్పిపోయిన ఫైల్ ఏంటో అడగగలిగినవాళ్లకి టీమ్‌లో విలువ త్వరగా వస్తుంది. ఇంటర్వ్యూలో కూడా "మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి" అన్నప్పుడు, స్క్రీన్ల గురించి అందరూ చెప్తారు. "మా బిల్డ్ ప్రతి పుష్‌కీ ఖాళీ మెషీన్ మీద నడిచేది, ఇదిగో లింక్" అని చెప్పేవాళ్లు తక్కువ.

ఇప్పుడు మీకు ఒక చిన్న పని. ఇవాళ రాత్రి మీ ప్రాజెక్ట్‌ని గిట్‌హబ్ నుంచి ఒక కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేయండి. ఫ్రెండ్ ల్యాప్‌టాప్ దొరికితే ఇంకా మంచిది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి, రీడ్‌మీలో రాసింది మాత్రమే చేయండి, గుర్తున్నది ఏదీ వాడొద్దు. యాప్ ఓపెన్ అయ్యేసరికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎక్కడెక్కడ ఆగిపోయారు, రాసుకోండి. ఆగిన ప్రతి చోటా రీడ్‌మీలో ఒక లైన్ చేర్చండి. ఆ నిమిషాలు, ఆగిన చోట్లు కామెంట్‌లో పెట్టండి. ఎర్రర్ ఏదైనా ఉంటే మొదటి లైన్ నుంచి పెట్టండి, చివరి లైన్ ఒక్కటే కాదు. అందరం కలిసి చూద్దాం.